పద్యం కోసం ఆగే తెర

మా ఖాజాగూడ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో పండక్కి ఓ పాత పద్యనాటకం వేద్దామని అనుకుంటే, మొదటి ఫోను హార్మోనిస్టుకు వెళ్లదు; ఎల్‌ఈడీ వాల్ అద్దెకిచ్చేవాళ్లకు వెళుతుంది. అందులో తప్పేం లేదు. హస్తినాపురం ఒక్క క్లిక్కుతో వచ్చేస్తుంటే రంగు తెరలు మోసుకొచ్చి కట్టేదెవరు? నా పేచీ ఆ బొమ్మతో కాదు, అది నడిచే వేగంతో.

ఈమధ్య అలాంటి ఒకచోట తిరుపతి వెంకట కవుల రాయబారం సీను వేశారు. కృష్ణుడి వేషగాడు మంచి గాత్రమున్నవాడు. పద్యం చివర రాగం అందుకోగానే ముందు వరసలోని పెద్దాయన ‘వన్స్‌మోర్’ అని కేకేశారు. కృష్ణుడు మళ్లీ ఎత్తుకోబోయాడు. అప్పటికే వెనక దర్బారు మాయమై, ఉరుములతో విశ్వరూపం మొదలైపోయింది. వీడియో అంతా ముందే ఎడిట్ చేసి తెచ్చిన ఒకే ముక్క. లాప్‌టాప్ దగ్గరి కుర్రాడు మాత్రం ఏం చేస్తాడు? పద్యం మింగేసి కృష్ణుడే వీడియో వెంట పరుగెత్తాడు.

తెరలకు ఈ తొందర లేదు. ఖాజాగూడ నుంచి గచ్చిబౌలి మీదుగా శేరిలింగంపల్లి వెళితే సురభి కళాకారుల కాలనీ వస్తుంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ‘కీచక వధ’తో మొదలుపెట్టిన నాటక కుటుంబం వాళ్లది. సురభి బాబ్జీగా అందరూ ఎరిగిన రేకందార్ నాగేశ్వరరావు నడిపిన శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి ‘మాయాబజార్’ చూసినవాళ్లు ఘటోత్కచుడి మాయల గురించే చెబుతారు. నన్నడిగితే అసలు పనితనం తెరలు దించడంలో, ఎత్తడంలో ఉంది. తాడు పట్టుకున్న మనిషి చెవి హార్మోనియం మీదే ఉంటుంది. నటుడు రాగం పొడిగిస్తే తెర ఆగుతుంది, ముగిస్తే కదులుతుంది.

పార్సీ నాటకాల నుంచి మనకొచ్చిన పద్ధతి ఇంకొకటుంది. వీధి తెర దించి దాని ముందు ఇద్దరు హాస్యం ఆడుతుంటే, వెనక సింహాసనాలు తీసేసి అడవి సిద్ధం చేస్తారు. ఆ చిన్న సీను సెట్టు మార్చడానికి మాత్రమే కాదు, దర్బారులో గొంతెత్తి పాడి వచ్చినవాడు కాస్త ఊపిరి పీల్చుకోడానికి కూడా. ఇప్పుడు స్క్రీన్ మీద రెప్పపాటులో అడవి వస్తోంది కాబట్టి వీధి సీను అనవసరమని కోసేస్తున్నారు. నాటకం బిగువుగా తయారైందని సంబరపడతారు. రెండు బరువైన పద్యఘట్టాలు వెంటవెంటనే పడి రెండోదాంట్లో గొంతు పట్టేస్తే మాత్రం ‘వెనకటి గాయకులు ఇప్పుడెక్కడున్నారండీ’ అని నిట్టూరుస్తారు. నింద మోసేది నటుడు. కత్తెర వేసింది సెట్టు.

అలాగని స్క్రీన్లనే తిట్టిపోయలేం. ‘సన్‌సెట్ బూలవార్డ్’ అనే ఆంగ్ల సంగీత నాటకాన్ని 1993లో లండన్‌లో మొదట వేసినప్పుడు జాన్ నేపియర్ యంత్రాలతో కదిలే పెద్ద భవనాన్నే రంగస్థలం మీద కట్టాడు. 2023లో అదే నగరంలో జేమీ లాయిడ్ భవనాన్నంతా తీసేసి, దాదాపు ఖాళీ స్టేజీ మీద ఒక భారీ స్క్రీన్ పెట్టాడు. అందులో కనిపించేది ప్రధానంగా అప్పటికప్పుడు కెమెరా పట్టే నటుల ముఖాలే. కథానాయకుడు థియేటర్ బయట వీధిలో నడుస్తూ పాడితే లోపలివాళ్లు ఆ స్క్రీన్‌లో చూశారు. అక్కడ కెమెరా నటుడి వెంట నడిచింది. అందుకే బ్రాడ్‌వేకి వెళ్లాక 2025లో ఉత్తమ పునఃప్రదర్శనగా టోనీ అవార్డు వచ్చిందంటే నాకు ఆశ్చర్యం కలగలేదు.

కాబట్టి వచ్చే పండక్కి నాటకం తలపెట్టే సంఘాలవారికి నా విన్నపం ఇంతే. ఎల్‌ఈడీ పెట్టుకోండి, కానీ వీడియోని ముక్కలుగా చేయించండి. ఏ ముక్క ఎప్పుడు రావాలో నొక్కే పని పద్యాలు నోటికొచ్చినవాళ్లకు అప్పగించండి. వీధి సీను కోసేముందు నటుడినోసారి అడగండి. సెట్టు వేసేవాళ్లను నాటకం నాటి పొద్దున కాకుండా మొదటి రిహార్సల్‌కే పిలిచి, హార్మోనిస్టు పక్కన కూర్చోబెట్టండి.