మంగళవాద్యానికి ప్రాణం డోలు

తెలుగునాట శుభకార్యం ఏదైనా మంగళవాద్యంతోనే మొదలవుతుంది. ఆ మేళంలో సన్నాయి రాగానికి రూపమిస్తే, డోలు దానికి నడకనూ గాంభీర్యాన్నీ ఇస్తుంది. ఆలయంలో సుప్రభాతం నుంచి పవళింపుసేవ వరకు, పెళ్లింట ఎదురుకోలు నుంచి అప్పగింతల వరకు ఏ ఘట్టం ఎప్పుడు ఆరంభమైందో, ఎప్పుడు ముగిసిందో వీధి చివర ఉన్నవారికి సైతం తెలియజేసేది డోలు చప్పుడే. అయినా శుభలేఖల మీద, ఉత్సవాల కరపత్రాల మీద సన్నాయి విద్వాంసుని పేరు వేసి పక్కన ‘బృందం’ అని ముగించడం ఆనవాయితీ అయింది. ఆ ఒక్క మాట కింద డోలు విద్వాంసుని పేరు అణగిపోతున్నది. అతని విద్య ఎంత లోతైనదో, అతని బతుకు ఎంత నియమంతో నడుస్తుందో తెలిసినవారికి ఇది చిన్న పొరపాటుగా తోచదు.

తమిళులు తవిల్ అని పిలిచే ఈ వాద్యాన్ని పనసచెక్క దుంగను లోపల తొలిచి, నడుమ ఉబ్బెత్తుగా ఉండేట్లు తయారుచేస్తారు. రెండు వైపులా తోలుమూతలు ఉంటాయి. పూర్వం ఈ మూతలను వెదురు, నార వంటివాటితో చుట్టిన కట్లకు బిగించి, తోలువార్లతో లాగి కట్టేవారు. ఇప్పుడు ఎక్కువగా ఇనుప కట్లు, మరలు వాడుతున్నారు. దీనివల్ల శ్రుతి నిలకడగా ఉంటున్నది గాని, వాద్యం బరువు పెరిగి విద్వాంసుని భుజానికి భారమైంది. ప్రాచీన గ్రంథాలు వర్ణించిన పటహమనే వాద్యానికి డోలు వారసురాలని పెద్దలు చెబుతుంటారు. రామప్ప గుడి శిల్పాల్లో మద్దెలలు, డోళ్లు వాయించేవారిని చూసినప్పుడు ఆ మాట నమ్మబుద్ధి అవుతుంది. పుట్టుక ఎక్కడైనా, ఈ వాద్యం ఘనత దాన్ని వాయించే చేతుల్లోనే ఉన్నది.

ఆ చేతుల పని రెండు విధాలుగా సాగుతుంది. మంద్రంగా పలికే ఎడమమూతను ఎడమచేతిలోని పొట్టి కర్రతో కొడతారు. హెచ్చుశ్రుతిలో బిగించిన కుడిమూతను వేళ్లతో, అరచేతితో, మణికట్టు విసురుతో పలికిస్తారు. కుడిచేతి వేళ్లకు గట్టి తొడుగులు ఉంటాయి. గుడ్డపేలికలకు పిండిజిగురు పట్టించి, ఎవరి వేళ్ల కొలతకు వారు చుట్టుకొని, ఆరబెట్టి వీటిని సిద్ధం చేసుకోవడం సంప్రదాయం. తొడుగు వదులైతే అక్షరం పలకదు, బిగువైతే వేలికి రక్తం ఆడదు. మృదంగంలో మెత్తగా ఒదిగే పాటాక్షరాలు, అంటే మూత మీద పలికే తకిట, తకధిమి వంటి శబ్దాలు, డోలు మీద విడివిడిగా మెరుస్తూ బయటికి వస్తాయి. అంత బిగువైన తోలు మీద అంత వేగంలో ఒక్క అక్షరమైనా చెదరకుండా వాయించడం ఏళ్ల తరబడి చేసిన సాధకంవల్లనే సాధ్యం. సభల్లో మృదంగానికి దక్కే గౌరవంలో సగమైనా డోలుకు దక్కలేదంటే ఆ లోపం వాద్యానిది కాదు, దాన్ని వీధివాద్యమని దూరం పెట్టిన శ్రోతలదే.

ఇక లయజ్ఞానం సంగతి చెప్పాలంటే, డోలు విద్వాంసుడు నడుస్తూనే గణితం చేసేవాడు. చతురశ్రం అంటే నాలుగు, తిశ్రం అంటే మూడు, ఖండం అంటే అయిదు, మిశ్రం అంటే ఏడు, సంకీర్ణం అంటే తొమ్మిది. ఈ అయిదు జాతులు ఏడు సూళాది తాళాలతో కలిసి 35 తాళాలవుతాయి. ఎనిమిది క్రియల ఆదితాళంలో క్రియకు నాలుగు చొప్పున ఒక ఆవర్తనానికి 32 మాత్రలు. దాని మీద ఏడు మాత్రల జతిని ఎడతెగక వాయిస్తూపోతే, ఏడు ఆవర్తనాలు తిరిగాక గాని అది తాళం మొదలైన చోట, అంటే సమంలో, కలవదు. దిట్టమైన విద్వాంసుడు అందాకా ఆగనవసరం లేదు: ఏడేసి మాత్రల జతిని నాలుగుసార్లు వాయించి, మిగిలిన నాలుగు మాత్రలకు ఒక తకధిమి చేర్చి, ఒక్క ఆవర్తనంలోనే సమానికి దిగగలడు, లేదా అదే జతిని ఆవర్తనాల మీదుగా పొడిగించి, తాళం తప్పిందేమోనని వినేవారు అనుకునే క్షణంలో ముక్తాయింపుతో సరిగ్గా సమం మీద వాలగలడు. ముక్తాయింపు అంటే ఒక జతిని మూడుసార్లు పలికించి ముగించే కూర్పు. ఈ లెక్కంతా కాగితం మీద వేసుకునేది కాదు. ఊరేగింపులో జనం తోసుకుంటూ ఉండగా, పది కిలోలు దాటే వాద్యం భుజానికి వేలాడుతూ ఉండగా, కాళ్లు ఒక నడకలో, చేతులు మరొక నడకలో సాగుతూ ఉండగా మనసులో జరిగిపోయేది.

అయితే లెక్క ఒక్కటే విద్య అనుకోరాదు. ఎప్పుడు వాయించాలో తెలిసినవారు ఎందరో ఉంటారు; ఎప్పుడు తగ్గాలో తెలిసినవాడే విద్వాంసుడు. సన్నాయి రాగాలాపన చేస్తున్నప్పుడు సంగతికీ సంగతికీ నడుమ డోలు చిన్న చిన్న మాటలతో జవాబిస్తుంది. కీర్తన మొదలయ్యాక సాహిత్యపు నడకను పట్టుకొని, పల్లవి చరణాల కూడళ్లలో మాత్రమే తన బలం చూపుతుంది. దేవుని ఊరేగింపు బయలుదేరేటప్పుడు గంభీరనాట రాగంలో వాయించే మల్లారికి మాటలుండవు. అది కేవలం స్వరమూ జతీ కలిసిన రచన. ఒకే రచనను విలంబ, మధ్య, ద్రుత కాలాలలో నడిపిస్తుండగా ఆ బరువంతా డోలు మీదనే పడుతుంది. పెళ్లిలో మంగళసూత్రధారణ వేళ పురోహితుడు “గట్టిమేళం!” అనగానే, అప్పటిదాకా పాటిస్తున్న పొదుపునంతా విడిచి రెండు మూతలూ మోగించడం మరొక విద్య. ఆ క్షణంలో తుమ్ము గాని, అపశకునపు మాట గాని ఎవరి చెవినా పడకూడదన్నది పెద్దలు చెప్పే కారణం. కారణం ఏదైనా, ఆ మోత లేకుండా కట్టిన తాళి తెలుగువారి మనసుకు నిండుగా తోచదు.

ఈ వాద్యంలో మహామహులు పుట్టారు. నాదస్వర చక్రవర్తి టి.ఎన్. రాజరత్నం పిళ్లై కాలంలో నీడామంగళం మీనాక్షిసుందరం పిళ్లై డోలుకు తెచ్చిన ప్రతిష్ఠను ఆ తరం రసికులు ఒక యుగంగా చెప్పుకున్నారు. నాచ్చియార్‌కోయిల్ రాఘవ పిళ్లై, యాళ్పాణం దక్షిణామూర్తి చేతుల్లో అక్షరశుద్ధీ వేగమూ ఒకదానికొకటి అడ్డురాకుండా సాగాయి. కున్నక్కుడి వైద్యనాథన్ వయొలిన్‌తో సమఉజ్జీగా కచేరీలు చేసిన వలయపట్టి ఎ.ఆర్. సుబ్రహ్మణ్యం 2009లో మద్రాసు మ్యూజిక్ అకాడమీవారి సంగీత కళానిధి బిరుదు అందుకున్నప్పుడు, గుడి వాకిట నిలబడిన వాద్యం సభామంటపం నడుమకు వచ్చి కూర్చున్నట్లయింది. కద్రి గోపాల్‌నాథ్ శాక్సఫోన్ పక్కన హరిద్వారమంగళం ఎ.కె. పళనివేల్ డోలు విన్నవారెవరూ ఇది పెళ్లిపందిరికే పరిమితమైన వాద్యమని అనలేరు. తెలుగుదేశంలో ఇంతటి చేతులు లేక కాదు. వాటిని గురించి రాసిపెట్టినవారు లేక. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో పుట్టి, చిలకలూరిపేటలో విద్య నేర్చి, శ్రీరంగంలో స్థిరపడిన సన్నాయి విద్వాంసుడు షేక్ చినమౌలానా 1998లో సంగీత కళానిధి అయ్యారు. మరో సన్నాయి విద్వాంసుడు గోసవీడు షేక్ హసన్‌కు మరణానంతరం 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆ గౌరవాలన్నీ తగినవే. ఆ సన్నాయిల పక్కన తెల్లవార్లూ నిలబడిన డోళ్ల పేర్లు ఎందరికి తెలుసునన్నదే ప్రశ్న.

డోలు విద్వాంసుని దినచర్య ఆలయ సేవలను బట్టి, పంచాంగాన్ని బట్టి నడుస్తుంది. ఆస్థాన ఉద్యోగం ఉన్నవాడు తెల్లవారకముందే స్నానం చేసి, తలుపులు తీసే వేళకు గుడి ముందుండాలి. అర్చన, నివేదన, సాయంత్రపు ఆస్థానం, పవళింపుసేవ వరకు పిలుపు వచ్చినప్పుడల్లా వాద్యం భుజాన వేసుకోవాలి. బ్రహ్మోత్సవాల రోజుల్లో ఉదయమూ రాత్రీ వాహనసేవలతో విశ్రాంతే ఉండదు. ఉద్యోగం లేనివాడికి ముహూర్తాలే జీతం. మాఘ ఫాల్గుణాలు, వైశాఖ జ్యేష్ఠాలు, శ్రావణం, కార్తికం అతనికి పనిదినాలు. ఆషాఢం, పుష్యం వస్తే పెళ్లిళ్లు ఉండవు, గురుమూఢమి గాని శుక్రమూఢమి గాని పడితే నెలల తరబడి పిలుపు ఉండదు. ముహూర్తం అర్ధరాత్రి దాటాక ఉంటే రాత్రంతా మెలకువ; మరునాటి ఉదయం ఇంకొక ఊళ్లో వ్రతం ఉంటే నిద్ర బస్సులోనే. ఈ నడుమనే సాధకం, ఈ నడుమనే పిల్లలకు పాఠం, ఈ నడుమనే చినిగిన మూత మార్పించుకోవడం. వానాకాలపు తేమకు మూత దిగజారితే శ్రుతి సరిచేసుకోవడానికే గంటలు పడుతుంది.

అతని భక్తి మాటల్లో కనిపించదు, వాద్యం పట్ల పాటించే మర్యాదలో కనిపిస్తుంది. డోలును తాకి కళ్లకద్దుకొని గాని భుజాన వేసుకోడు. దాన్ని దాటి నడవడు, దాని మీద ఏ వస్తువునూ పెట్టనివ్వడు. విజయదశమినాడు పసుపు కుంకుమలు పెట్టి పూజిస్తాడు. ఇంట పురుడో మైలో వస్తే ఆ రోజులు గుడిసేవకు దూరంగా ఉండిపోతాడు, ఆ మేరకు సంపాదన పోయినా సరే. తెలుగునాట ఈ విద్యను తరతరాలుగా నిలబెట్టినవారిలో నాయీబ్రాహ్మణులు ప్రధానులు. గుంటూరు, ప్రకాశం ప్రాంతాలలో ముస్లిం కుటుంబాలు మంగళవాద్యాన్ని తమ కులవిద్యగా చేసుకున్నాయి. నమాజు చేసిన నోటితోనే త్యాగరాజ కృతిని సన్నాయిలో పలికించి, రంగనాథుని ముందు, భద్రాద్రి రాముని ముందు సేవ చేసిన ఆ విద్వాంసుల విశ్వాసాన్ని ఏ ఒక్క మతం పేరుతోనూ కొలవలేం. దేవుడు విగ్రహంలో ఉన్నాడా లేడా అన్న వాదం వారిది కాదు. ఎదుట ఉన్న శ్రుతిలయలకు అపచారం జరగకూడదన్న నియమమే వారిది.

మేళం ముగిసే తీరులో కూడా ఈ నియమమే ఉంది. తలంబ్రాల కోలాహలం అయ్యాక ఉరవడి తగ్గుతుంది. అప్పగింతల వేళ దుఃఖాన్ని మింగేసేంత పెద్దగా డోలు మోగకూడదు, అసలు మోగకుండానూ ఉండకూడదు. చివరకు మధ్యమావతిలోనో, సౌరాష్ట్రంలోనో, సురటిలోనో మంగళం పలికించి, చిన్న ముక్తాయింపుతో విరమించడం సంప్రదాయం. గుడిలో పవళింపుసేవకు నీలాంబరి వాయించేటప్పుడు కర్ర మూతకు తగిలీ తగలనట్లుండాలి. గట్టిమేళంలో పందిరి అదరగొట్టిన చేయే ఇక్కడ జోల పాడాలి. విద్వాంసుని అసలు స్థాయి ఈ మెత్తదనంలోనే తెలుస్తుంది. తరువాత వేళ్ల తొడుగులు విప్పి, డోలును గుడ్డలో చుట్టి, తాంబూలం కోసం నిలబడాలి. మాట్లాడుకున్న పైకాన్ని మర్యాదగా చేతిలో పెట్టి, పంచెలచాపు ఇచ్చి, బంతిలో కూర్చోబెట్టి వడ్డించే గృహస్థులు ఇప్పటికీ ఉన్నారు. లెక్కలన్నీ అయ్యాక రమ్మని, చివరి బంతిలో మిగిలినది తినమని, బేరమాడి అందులోనూ కోత పెట్టేవారూ ఉన్నారు. లక్షలు పోసి పూలపందిరి వేయించినవారు డోలు విద్వాంసుని దగ్గర వందల కోసం వాదించడం చూస్తే, వారికి పెళ్లంటే ఏమిటో తెలియదనే చెప్పాలి.

ఇంతకన్నా పెద్ద అవమానం యంత్రాలది. మీట నొక్కగానే మోటారు తిరిగి, గంటనూ డోలునూ ఒకే దెబ్బగా బాదే పెట్టె ఒకటి ఎన్నో గుళ్లలో వెలసింది. దానికి కాలం లేదు, జాతి లేదు, ఏ సేవకు ఏ నడక అన్న వివేకం లేదు, ఉన్నదల్లా రణగొణధ్వని. దేవునికి నైవేద్యం యంత్రంతో పెట్టడానికి ఒప్పుకోనివారు నాదనైవేద్యాన్ని యంత్రానికి ఎలా అప్పగించారో అర్థం కాదు. పెళ్లిపందిళ్లలో ముహూర్తానికి పెన్‌డ్రైవ్‌లోని సన్నాయి పాట పెట్టి, సరిగ్గా తాళి కట్టే వేళ అది ఆగిపోతే అందరూ సౌండువాడి వైపు చూసే దుస్థితి వచ్చింది. డీజే పెట్టెల మోతలో డోలు వినపడదు గనుక అది దండగ అనేవారున్నారు. దండగ ఏదో వారే ఆలోచించుకోవాలి. మరికొన్ని చోట్ల విద్య రానివారికి జరీపంచె కట్టించి, ఫొటోల కోసం డోలు తగిలించి నిలబెడుతున్నారు. అచ్చమైన విద్వాంసులను కూడా కీర్తన ఆపి సినిమాపాట వాయించమని పురమాయిస్తున్నారు. ఇలాంటి పనికి పిల్లలను పంపడానికి ఏ తండ్రి ఇష్టపడతాడు? తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానంవారి నాదస్వర డోలు పాఠశాల వంటివి ఉన్నాయి కాబట్టి విద్యకు ఒక గూడు మిగిలింది. కాని నేర్చి బయటికి వచ్చినవారికి పని దొరకనప్పుడు పాఠశాల ఒక్కటే ఈ కళను బతికించలేదు.

చేయవలసినవి అసాధ్యమైనవి కావు. ఆదాయమున్న ప్రతి ఆలయమూ యంత్రాన్ని తీసివేసి, సన్నాయికి, డోలుకు ఆస్థాన విద్వాంసులను నియమించి, నెలనెలా జీతం ఇవ్వాలి. సంగీతసభలు ఏడాదికి ఒక్క కచేరీనైనా మంగళవాద్యానికి కేటాయించి, డోలు తని ఆవర్తనానికి, అంటే లయవాద్యం ఒంటరిగా తన విద్వత్తు చూపే భాగానికి, తగినంత సమయం ఇవ్వాలి. ఆకాశవాణి భాండాగారాలలో ఉన్న తెలుగు మంగళవాద్య కచేరీలను డోలు విద్వాంసుల పేర్లతో సహా వెలికితీసి మళ్లీ వినిపించాలి. గృహస్థులు చేయవలసింది మరీ సులువు: ఇంట పెళ్లి కుదిరితే మేళాన్ని ముందే పిలుచుకోండి, శుభలేఖలో డోలు విద్వాంసుని పేరు కూడా అచ్చువేయించండి, మంగళం పాడిన వెంటనే, ఎవరికన్నా ముందు, అతని తాంబూలం అతని చేతిలో పెట్టండి.