చెప్పులు జారే కాళ్లు

ఫిజియోథెరపీకి మా దగ్గరికొచ్చేవాళ్ల కాళ్లకన్నా ముందు నా చూపు చెప్పుల మీదకు పోతుంది. హవాయి చెప్పులు మానేసి వెనక పట్టీ ఉన్నవి ఎప్పట్నుంచి వేసుకుంటున్నారని అడుగుతాను. "నడుస్తుంటే జారిపోతున్నాయండీ, జారినట్టు కూడా తెలియట్లేదు" అన్నారంటే సగం సంగతి తెలిసినట్టే. తడికాళ్లతో గచ్చు మీద నాలుగడుగులు వేయిస్తే మడమా, వేళ్ల మొదళ్లూ మాత్రమే అచ్చు పడతాయి. మధ్యలో పొడిగానే ఉంటుంది, అరికాలు అంత వంపు తిరిగి ఉంటుంది మరి. మడమల మీద నడవమంటే పాదాల ముందుభాగం పైకి లేవదు.

షార్కో-మేరీ-టూత్ వ్యాధి అంటారు దీన్ని. 1886లో పారిస్‌లో షార్కో, ఆయన శిష్యుడు మేరీ, ఇంగ్లండ్‌లో టూత్ దీని గురించి రాశారు. వంశపారంపర్యంగా వచ్చే నరాల జబ్బుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. సుమారు 2,500 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. నరం ఎంత పొడవైతే అంత ముందు దెబ్బతింటుంది కాబట్టి మొదట పాదాలు, ఆ తర్వాత చేతివేళ్లు. చొక్కా గుండీలు పెట్టుకోవడం, తాళంచెవి తిప్పడం కష్టమవుతాయి.

ఇంట్లోవాళ్లు మొదట అనేమాట, "మేనరికం కదండీ, అందుకే." కొన్ని రకాల్లో ఆ మాటకు ఆధారం ఉంది. కానీ ఎక్కువమందిలో కనిపించే రకం 17వ క్రోమోజోమ్‌లో ఒక ముక్క రెట్టింపవడం వల్ల వస్తుందని 1991లో తేలింది. అది తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉన్నా చాలు, మేనరికంతో పనిలేదు. ఈ సంగతి అత్తగారి ముందు ఇంకోసారి చెప్పమన్న కోడళ్లున్నారు.

ఇక వ్యాయామం సంగతి. బలహీనపడ్డ కండరానికి ఎక్కువ పని చెబితే ఉన్న బలం కూడా పోతుందనే భయం మా వృత్తిలో చాలాకాలంగా ఉంది. పోలియో రోజుల్లో పుట్టిన భయమది. 2003లో ఇటలీ డాక్టర్లు ఈ రోగుల్లో ఎక్కువగా వాడే చెయ్యే మరింత బలహీనంగా ఉందని రాశారు. తర్వాత వేరేవాళ్లు కొలిచి చూస్తే అలా కనిపించలేదు. అంతకుముందే, 1995లో, నెదర్లాండ్స్‌లో 24 వారాలపాటు వారానికి మూడుసార్లు బరువులతో కసరత్తు చేయిస్తే మోకాలి దగ్గర బలం పెరిగింది. 2017లో ఆస్ట్రేలియా వాళ్లు 60 మంది పిల్లల మీద చేసిన అధ్యయనం నాకు మరీ ఇష్టం. ఆరునెలల కసరత్తు అయ్యేసరికి పెద్ద తేడా లేదు. రెండేళ్లకు చూస్తే, కసరత్తు చేసినవాళ్లలో పాదాన్ని పైకెత్తే బలం తక్కువగా తగ్గింది. ఆరునెలలకే 'లాభం లేదు' అని మానేసే అలవాటు రోగులకే కాదు, మాకూ ఉంది. "జాగ్రత్త, విశ్రాంతి తీసుకో" అన్నమాట ఈ జబ్బువాళ్లకు చేసిన చెరుపు కసరత్తు చేసి ఉండదని నా నమ్మకం. కూర్చున్నకొద్దీ జబ్బు తాకని తొడలు కూడా చిక్కిపోతాయి.

అలాగని జిమ్‌లో పిచ్చిగా ఎత్తమనను. రబ్బరు పట్టీ పాదానికి వేసి పైకి లాగమంటాను. మొదట్లో చీలమండ ముందు స్నాయువు తాడులా తేలుతుంది. ఏడెనిమిదోసారికి బొటనవేలు ఒక్కటే పైకి లేస్తుంది, ఆ తర్వాత పాదం కదలకుండానే తుంటి లేస్తుంది. రోగి చేస్తున్నాననే అనుకుంటాడు. నేను అక్కడ ఆపేస్తాను. మర్నాడు పొద్దున కూడా అలసట వదలకపోతే ఇంకా తగ్గిస్తాను. పిక్క పట్టేయకుండా గోడకానుకుని సాగదీయడం, తొడలకూ తుంటికీ బలం, సైకిలు, ఒంటికాలి మీద నిలబడటం, ఇవీ నేను చెప్పేవి. విటమిన్ లోపం లేకపోతే బి-కాంప్లెక్స్ సూదులకు పెట్టే డబ్బు దండగ.

పూర్తిగా నరం పోయిన కండరాన్ని ఏ కసరత్తూ లేపలేదు. దానికి పాదం వేలాడకుండా బూటు లోపల పెట్టుకునే ప్లాస్టిక్ స్ప్లింటే దిక్కు. మనవాళ్లతో చిక్కంతా ఇక్కడే. గడప దగ్గర బూట్లతోపాటు స్ప్లింటూ విప్పేస్తారు, వంటింట్లో కాలు తట్టుకుని పడతారు. ఇంట్లోకే విడిగా ఒక జత బూట్లు కొనుక్కోండి, వీధిలోకి వాటిని తొడగకండి అంటాను. "దేవుడి గది ఉంటుంది కదండీ" అంటారు. ఆ ఒక్క గది ముందు విప్పుదురుగాని అని బేరం కుదర్చడానికి పట్టేంత టైం రబ్బరు పట్టీ నేర్పడానికి పట్టదు.