రాజావారి కొలువులో పనస మొద్దు

బొబ్బిలి వీణను వెనక్కి తిప్పి చూడాలి. కుండకూ దండికీ మధ్య వేలితో తడిమినా అతుకు తగలదు. ఒకే పనస మొద్దులోంచి రెండింటినీ చెక్కిన ఏకాండి వీణ ఇది. కుండ లోపల ఉలితో తొలుచుకుంటూ పోతారు. గోడ మందంగా మిగిలితే నాదం అణిగిపోతుంది, మరీ పలచబడితే చెక్క పగులుతుంది. కుండ మీద మూసే పలక మాత్రం వేరు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది మేళం కట్టే పని, అంటే మెట్లు అమర్చడం. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి, దండి రెండు అంచుల పొడవునా గట్టులా పరుస్తారు. దాని మీద 24 ఇత్తడి మెట్లు, స్థాయికి పన్నెండు చొప్పున. ఎక్కడ పెట్టాలో కొలబద్ద చెప్పలేదు. నొక్కగానే తీగ సాగి, శ్రుతి రవ్వంత పైకి పోతుంది. ఆ తేడాను చెవితో పట్టుకుని, మైనం మెత్తగా ఉండగానే మెట్టును వెంట్రుకవాసి జరుపుతారు. తర్వాత వైణికులు అదే మెట్టు మీద తీగను పక్కకు లాగి పై స్వరాలు కూడా పలికిస్తారు. ఆ లాగుడుకు మెట్టు చలించకూడదు. కట్టేటప్పుడు మాట వినాలి, వాయించేటప్పుడు మొండికెయ్యాలి. ఇన్ని చిక్కులకు మైనమే జవాబు కావడం ముచ్చటేస్తుంది. కొన్నేళ్లకు అది పాడైతే కరిగించి మళ్లీ కడతారు.

ఇంత తీరిక పని సంతలో అమ్ముడయ్యే సరుకు కాదు. 1757 యుద్ధంలో కోట పోయినా మళ్లీ నిలదొక్కుకున్న బొబ్బిలి సంస్థానం ఈ విద్యను పోషించింది. పక్కనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాల చేతికి అది పట్టుబడింది. కొనేవారికి సంగీతం తెలిసినప్పుడు, అపస్వరం పలికే మెట్టుతో వీణను అప్పగించడం కుదరదు. పోషకుడి డబ్బుతో పాటు అతని చెవి కూడా పనిమీద ఉంటుందని నా నమ్మకం.

1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది, జమీందారీలు పోయాయి. ఇప్పుడు పెద్ద గిరాకీ సన్మాన సభలది. అతిథి చేతిలో పెట్టడానికి బుల్లి వీణలు కావాలి. వాటిలోనూ నగిషీ బాగుంటుంది, యాళి ముఖం చక్కగా కుదురుతుంది. వాటి అమ్మకం ఇళ్లు నడుపుతోంది గనుక చిన్నచూపు చూడను. కానీ అద్దాల బీరువాలో పెట్టేదానికి శ్రుతి ఎవరూ అడగరు. ఉలి పట్టే చేతికి రోజూ పని దొరుకుతోంది. మేళం కట్టే చెవికి మాత్రం, వాయించే వీణ కావాలని ఎవరైనా వచ్చి అడిగినప్పుడే.