గణిత సమస్యలో తెలుగు వాక్యం: తిరుత్తణి, తిరువళ్ళూరు విద్యార్థి దృష్టితో

తిరుత్తణిని గురించి తెలుగులో ఏ వ్యాసం రాసినా సర్వేపల్లి రాధాకృష్ణన్ పేరుతో మొదలుపెట్టడం ఆనవాయితీ. 1888లో ఆయన అక్కడ పుట్టిన మాట నిజమే గాని, మన ప్రస్తుతాంశానికి కావలసింది ఆ ఊరికి సంబంధించిన మరొక తేదీ: 1960 ఏప్రిల్ 1. ఆంధ్రప్రదేశ్, మద్రాసు రాష్ట్రాల సరిహద్దుల మార్పు చట్టం అమలులోకి వచ్చి, చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి తాలూకాలో అధికభాగం ఆనాటితో మద్రాసు రాష్ట్రంలో చేరింది. ముందురోజు దాకా రాష్ట్రభాషలో లెక్కలు చేసిన పిల్లవాడు తెల్లవారేసరికి రాష్ట్రేతరాంధ్రుడయ్యాడు. ఇప్పుడు తిరుత్తణి 1997లో ఏర్పడిన తిరువళ్ళూరు జిల్లాలో భాగం.

ఈ ప్రాంతపు తెలుగును గురించి మనం చర్చించేటప్పుడు జానపద గేయాలు, మాండలిక పదాలు, శాసనాలు చర్చకు వస్తాయి. లెక్కల పుస్తకం రాదు. అది సాహిత్యం కాదు గనుక విమర్శకు అందదని మన నమ్మకం. కాని ఆలోచించి చూస్తే, తెలుగు మాధ్యమంలో చదివే విద్యార్థి తెలుగు వాక్యాన్ని అక్షరం అక్షరం పట్టి, ఒక విభక్తి ప్రత్యయం తప్పితే మార్కులు పోతాయన్న భయంతో చదివేది ఒక్క గణిత సమస్యనే. పద్యభాగానికి ప్రతిపదార్థం కంఠస్థం చేసి గట్టెక్కవచ్చు. గణిత సమస్యను అర్థం చేసుకోక తప్పదు. 2006లో తమిళాన్ని బడుల్లో తప్పనిసరి పాఠ్యభాష చేస్తూ తమిళనాడులో చట్టం వచ్చిన తరవాత తెలుగు వాచకానికి చోటు ఇరుకయింది. ఇటువంటప్పుడు తర్కించడానికి పనికివచ్చే తెలుగు ఎక్కడ మిగిలి ఉంది, అది ఎట్లా ఉంది అని అడగవలసిన బాధ్యత భాషాశాఖలదే.

ఎట్లా ఉందో చూద్దాం. పదవ తరగతి త్రికోణమితిలో తరచు కనిపించే అచ్చులో పోసిన ప్రశ్న ఇది. నేను కూర్చినదే గాని, దీని అన్నదమ్ములను విద్యార్థులు ఏ పుస్తకంలోనైనా గుర్తుపట్టగలరు:

‘సమతలముపై గల ఒక బిందువు నుండి ఒక గోపుర శిఖరాగ్రము యొక్క ఊర్ధ్వకోణము 30°. గోపురపాదము దిశగా 40 మీ. దూరములో గల మరియొక బిందువు నుండి అదే శిఖరాగ్రము యొక్క ఊర్ధ్వకోణము 60° అయినచో గోపురము ఎత్తును కనుగొనుము.’

40 మీటర్ల దూరం దేనినుంచి? మొదటి బిందువు నుంచా, గోపురపాదం నుంచా? ఈ వాక్యం రెండింటికీ ఒప్పుకుంటుంది. మొదటి బిందువు నుంచి అనుకుంటే జవాబు 20√3, అంటే సుమారు 34.64 మీటర్లు. గోపురపాదం నుంచి అనుకున్న పిల్లవాడికి 40√3, సరిగ్గా రెట్టింపు వస్తుంది. అతని త్రికోణమితి తప్పు కాదు, హెచ్చవేత తప్పు కాదు. తప్పల్లా ‘దూరములో గల’ అన్న విశేషణంలో ఉంది. ఆ మాట ఇంగ్లీషు వాక్యంలోని అంగాలను ఒక్కొక్కటిగా తెచ్చి తెలుగు నామవాచకం ముందు పేర్చడం వల్ల వచ్చింది. మన భాషలో విశేషణ వాక్యం నామవాచకానికి ముందే రావాలి. నిజమే. అయితే దాని మీద ఎంత బరువు వేయవచ్చో అనువాదకుడు తూచుకోవాలి గదా!

ఇదే విషయం ఒక ఇంటి మనిషి చెబితే ఎట్లా ఉంటుంది? ‘నేల మీద ఒకచోట నిలబడి గోపురం కొనను చూశాను. చూపు 30 డిగ్రీలు పైకి లేచింది. గోపురం వైపు 40 మీటర్లు నడిచి మళ్ళీ చూశాను. ఈసారి 60 డిగ్రీలు. గోపురం ఎత్తు ఎంత?’ సందేహానికి తావు లేదు. (నిలబడినవాడి కంటి ఎత్తు మాటేమిటని అడిగే విద్యార్థి ఉంటే అతణ్ణి మెచ్చుకోవాలి.) అంతకంటె ముఖ్యమైన లాభం ఇంకొకటి ఉంది. ‘నడిచాను’ అన్న క్రియ కంటి ముందు పటాన్ని గీస్తుంది. 30 నుంచి 60కి చూపు లేచిందంటే, నడిచిన గీతకూ రెండు చూపులకూ మధ్య ఏర్పడిన త్రిభుజంలో కోణాలు 30, 120, 30. రెండు కోణాలు సమానం గనుక వాటి ఎదుటి భుజాలూ సమానం. అంటే రెండవచోటు నుంచి కొనకు ఉన్న ఏటవాలు దూరం కూడా 40 మీటర్లే. ఇక 60 డిగ్రీల లంబకోణ త్రిభుజంలో అడుగు భాగం అందులో సగం, 20, ఎత్తు 20√3. టాంజెంటు పట్టికతో పని లేకుండా ఎనిమిదో తరగతి రేఖాగణితంతో లెక్క తేలిపోయింది. మొదటి వాక్యాన్ని చదివినవాడు సాధారణంగా రెండు టాంజెంటు సమీకరణాలు రాసి, ఒకదాన్ని మరొకదానితో భాగించి ఇక్కడికే చేరుకుంటాడు. అదీ మంచి దారే. కాని పటం చూడకుండా నడిచే దారి.

తిరుత్తణి కొండ మెట్లు 365 అని ప్రసిద్ధి, రోజుకొక మెట్టు చొప్పున. ఆ మెట్లెక్కే పిల్లవాడికి ‘ఊర్ధ్వకోణం’, ‘నిమ్నకోణం’ అన్న మాటలు పరాయివి. పక్క బెంచీలో తమిళ మాధ్యమం విద్యార్థి వీటినే ‘ఏఱ్ఱక్కోణం’, ‘ఇఱక్కక్కోణం’ అంటాడు. ఎక్కే కోణం, దిగే కోణం. తెలుగు పిల్లవాడికి వీధిలో వచ్చిన తమిళంతోనే ఇవి బోధపడతాయి; తన పుస్తకంలోని మాటకు మాత్రం టీక కావాలి. ఇట్లాంటివి ఇంకా ఉన్నాయి. మనకు ‘చలరాశి’, ‘స్థిరరాశి’; వారికి ‘మాఱి’, ‘మాఱిలి’. మారేది, మారనిది. మారడమన్న ధాతువు తెలుగులో లేదా? మన ‘వ్యాసార్ధం’ వ్యాసంలో సగం గనుక వ్యాసం తెలిస్తే గాని అర్థం కాదు. వారి ‘ఆరం’ బండిచక్రపు ఆకు, చక్రం చూసినవాడికి చాలు. మన ‘చాపం’ వారి ‘విల్’, అంటే మన విల్లే. వృత్తంలో మనం ‘జ్యా’ అనే గీతను వారు ‘నాణ్’ అంటారు. రెండింటికీ అర్థం వింటినారి. ఒకే ఉపమానాన్ని వారు ఇంటి మాటలో ఉంచుకున్నారు, మనం సంస్కృతంలో దాచుకున్నాం.

ఇంతమాత్రం చేత పారిభాషిక పదాలన్నింటినీ అచ్చతెనుగు చేయాలని నేననను. త్రిభుజం, కర్ణం, వర్గమూలం భారతీయ భాషలకు ఉమ్మడి సొత్తు. తమిళ పాఠ్యపుస్తకాలలో కూడా కర్ణం, వర్గమూలం నిలిచే ఉన్నాయి. ఒకసారి నేర్చుకున్న మాట ఎంత కఠినమైనా నాలుగు లెక్కలు చేసేసరికి నలుగుతుంది. వాక్యం అట్లా నలగదు. ప్రతి సమస్యలో అది కొత్తగా ఎదురవుతుంది. మన పరిభాషా నిర్మాతలు మాటల దగ్గర పడిన శ్రమలో నాలుగోవంతు వాక్యం దగ్గర పడలేదన్నదే నా ఫిర్యాదు.

పైగా బీజగణితానికి తెలుగు వాక్యం సహజంగానే అనుకూలమైనది. ‘ఒక సంఖ్యను మూడింట హెచ్చించి, అయిదు కలిపి, సగం చేస్తే 10 వచ్చింది’ అన్నామనుకోండి. హెచ్చించి, కలిపి, చేస్తే: ఈ అసమాపక క్రియలు పని జరిగిన వరుసలోనే నిలుస్తాయి. మన బీజగణిత గ్రంథాలు అవ్యక్తరాశిని ‘యావత్తావత్’ అని పిలిచి ‘యా’ అని గుర్తు పెట్టాయి. ఆ గుర్తుతో రాస్తే ముందు 3యా, తరవాత 3యా + 5, చివర దానిలో సగం. ఇంగ్లీషులో ఇదే సంగతి చెప్పేటప్పుడు సగం ముందు, అయిదు తరవాత, మూడు రెట్లు ఆఖరున రావడం మామూలు; విద్యార్థి వాక్యాన్ని తోక నుంచి చదువుకోవాలి. సాధించడానికి మనం చేయవలసిందల్లా క్రియలను వెనక్కి తిప్పడం: 10ని రెట్టింపు చేసి 20, అయిదు తీసివేసి 15, మూడింట భాగించి 5. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో చెప్పిన విలోమవిధి ఇదే. తమిళ వాక్యానికి కూడా ఈ గుణం ఉంది. అందువల్ల తిరువళ్ళూరు విద్యార్థికి ఇంటిభాష, వీధిభాష రెండూ బీజగణితంలో ఒకే వైపు లాగుతాయి. అనువాద వాక్యం ఒక్కటే ఎదురు లాగుతుంది. ‘ఒక సంఖ్య యొక్క మూడు రెట్లకు అయిదు కలుపగా వచ్చిన మొత్తములో సగము 10కి సమానము’ అన్న వాక్యంలో క్రియలు నామవాచకాలై గడ్డకట్టుకుపోయాయి.

ఇది ఆధునికుల బలహీనత అనడానికి మనకు పాత సాక్ష్యం ఉంది. మహావీరాచార్యుడు తొమ్మిదో శతాబ్దంలో, రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో, గణితసారసంగ్రహాన్ని సంస్కృతంలో రచించాడు. దాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. మల్లనను 11వ శతాబ్దం వాడిగా చెప్పడం పరిపాటి, కాలనిర్ణయం మీద వాదాలు లేకపోలేదు. మూల గ్రంథంలో తెగిపోయిన ముత్యాలహారం లెక్క ఒకటి ప్రసిద్ధం. దంపతుల ప్రణయకలహంలో హారం తెగి మూడోవంతు ఒకచోట, ఆరోవంతు ఒకచోట పడి, మిగిలినదాంట్లో సగం, ఆ మిగిలినదాంట్లో మళ్ళీ సగం, ఇట్లా ఆరుమార్లు చెదరగా 1161 ముత్యాలు మిగిలాయి. మొదటి రెండు భాగాలూ కలిపి సగం. ఆపైన ఆరు సగాలు. మొత్తం ఏడుసార్లు సగమయింది గనుక 1161ని 128తో హెచ్చిస్తే 1,48,608. ఇన్ని ముత్యాల హారాన్ని ఏ మెడ మోస్తుందని అడగకూడదు! గమనించవలసినది కథ నడిచిన వరుస, లెక్క నడిచిన వరుస ఒకటే కావడం. ఈ గ్రంథాన్ని రంగాచార్యులవారి ఇంగ్లీషు అనువాదంతో 1912లో మద్రాసు ప్రభుత్వమే ప్రచురించింది. మద్రాసులో అచ్చయిన గ్రంథం, తెలుగులో పద్యాలుగా ఉన్న గణితం, రెండూ తిరుత్తణి బడి దాకా రాలేదు.

రేఖాగణితంలో వాక్యం తక్కువ, శీర్షికలు ఎక్కువ: దత్తాంశం, సారాంశం, నిర్మాణం, ఉపపత్తి. వీటిలో ‘సారాంశం’ ఒక్కటి మార్చి తీరాలి. తెలుగు వాచకంలో సారాంశమంటే పాఠాన్ని కుదించి రాయడం. పక్క గంటలో గణితంలో అదే మాటకు ‘నిరూపించవలసినది’ అని అర్థం. ఇంకా రుజువు కానిదాన్ని సారాంశమని ముందే రాయించడం భాషాపరంగానూ తర్కపరంగానూ చిక్కే. ‘తేల్చవలసింది’ అంటే సరిపోతుంది.

విపర్యయ సిద్ధాంతం దగ్గర మాత్రం తాపీమేస్త్రీని పిలవాలి. మూల పట్టడానికి అతను ఒక వైపు 3 అడుగులు, మరొక వైపు 4 అడుగులు గుర్తుపెట్టి, ఆ గుర్తుల మధ్య 5 అడుగులు వచ్చేదాకా తాడు జరుపుతాడు. ‘మూల లంబకోణమైతే కర్ణం 5 వస్తుంది’ అన్నది పైథాగరస్ సిద్ధాంతం. మేస్త్రీ వాడేది అది కాదు. ‘5 వస్తే మూల లంబకోణమవుతుంది’ అన్న విపర్యయం అతనికి కావాలి. తెలుగులో ఈ తేడా అంతా ‘తే’ అన్న ఒక్క అక్షరం ఏ క్రియకు అంటుకుంటుందన్న దానిలో ఉంది. పరీక్ష పత్రాల్లో మొదటిది అడిగితే రెండవది రాసే విద్యార్థులు ఏటా కనిపిస్తారు. వారికి మళ్ళీ గణితం చెప్పడం దండగ. ఆ రెండు వాక్యాలను పక్కపక్కన రాయించి, మేస్త్రీ చేతిలో తాడు ఉన్నప్పుడు వాటిలో ఏది అతనికి ముందే తెలుసు, ఏది అతను తెలుసుకుంటున్నాడు అని అడగాలి.