కరివేపాకు మీది పురుగు

కూరలోకని రెబ్బ తుంచబోతే ఆకు మీద పిట్ట రెట్ట కనిపిస్తుంది. ఊదితే పోదు, కదులుతుంది. చూసినవాళ్లు చాలామంది దాన్ని పుల్లతో కిందికి తోసేస్తారు. అయిదారేళ్ల పిల్లలున్న ఇంట్లో మాత్రం ఆ రెబ్బ జోలికి పోకండి.

అది సీతాకోకచిలుక పిల్ల. నిమ్మ, కరివేపాకు లాంటి చెట్ల లేతాకుల మీద గుడ్లు పెట్టే రకం. ఈ సంగతి పిల్లలకు అప్పుడే చెప్పేయకూడదు. పేరు వినగానే అంతా తెలిసిపోయిందనుకుని లేచిపోతారు. ‘దానికి ఎన్ని కాళ్లున్నాయో చూడు’ అనండి చాలు. ముందు సన్నటి కాళ్లు ఆరు, వెనక లావుపాటి బుడిపెలు మరికొన్ని. కీటకానికి ఆరే కాళ్లని పుస్తకంలో చదివిన అక్కకూ, వేలు పెట్టి లెక్కించిన తమ్ముడికీ తగాదా వస్తుంది. రానివ్వండి, తీర్పు చెప్పకండి.

రోజుకో బొమ్మ గీయించి తేదీ వేయించండి. బొమ్మ అందంగా రాకపోయినా ఫరవాలేదు, గీయాలంటే తేరిపార చూడక తప్పదు. పాత చర్మం వదిలి పురుగు పచ్చబడిన రోజు బొమ్మల్లోనే తెలిసిపోతుంది. గడ్డిపోచతో సుతారంగా తాకితే తల వెనక నుంచి రెండు కొమ్ములు పైకి లేచి ఘాటు వాసన కొడుతుంది. ఎవరిని బెదిరించడానికి? మొదట్లో రెట్టలా ఎందుకుంది? పిల్లలనే ఆలోచించనివ్వాలి.

ఆనక నడుముకు పట్టుదారం బిగించుకుని ప్యూపా అవుతుంది. ఒక్కోసారి అందులోంచి సీతాకోకచిలుకకు బదులు చిన్న చిల్లు చేసుకుని సన్నటి కందిరీగలు బయటికొస్తాయి. పిల్లలు ఏడుస్తారు. అయినా ఆ ప్యూపాను దాచేయొద్దు. పురుగులు పెరిగిపోయి చెట్లను మోడు చేయకుండా కాచేవాటిలో ఆ కందిరీగలూ ఉన్నాయి. నా దృష్టిలో సీతాకోకచిలుక కంటే పెద్ద పాఠం అదే.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1890లలో న్యూయార్క్ రాష్ట్రంలో సేద్యం దెబ్బతిని పల్లెలు ఖాళీ అవుతుంటే, కార్నెల్ విశ్వవిద్యాలయం పల్లె బడులకు ప్రకృతి పాఠాలు రాసి పంపింది. ఆ పనిలో ఉన్న అన్నా బాట్స్‌ఫర్డ్ కామ్‌స్టాక్ 1911లో టీచర్ల కోసం పెద్ద పుస్తకమే తెచ్చారు. తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకుని పిల్లలతో కలిసి వెతకమని ఆమె టీచర్లకు ధైర్యం చెప్పారు. మన దగ్గర 1972లో మధ్యప్రదేశ్‌లో మొదలైన హోషంగాబాద్ సైన్సు కార్యక్రమం కూడా పల్లె పిల్లల చేత ప్రయోగాలు చేయించింది.

పెరడు లేనివాళ్లకు బాల్కనీ గోడ మీద చీమల బారు చాలు. కుట్టని నల్లచీమలను ఎంచుకోండి. బారుకు అడ్డంగా పిల్లవాడి చేత వేలితో గట్టిగా రుద్దించండి. చీమలు అక్కడికి రాగానే ఆగి, అటూ ఇటూ తచ్చాడతాయి. వాసన దారి చెరిగిపోయిందని ఒకరంటారు. వేలి వాసన వాటికి పడలేదని ఇంకొకరంటారు. ఎవరి మాట నిజమో తేలాలంటే ఈసారి తడిగుడ్డతో తుడిచి చూడాలి. గుడ్డ చేతికిచ్చి మీరు పక్కకు జరగండి.