'తర్వాత' అనే మాట

సాహిత్యాన్ని చదివినట్టే నేను చట్టాన్నీ మాటమాటా చదువుతాను. 1956 హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టంలో వివాహంలో పుట్టిన పిల్లలకి సహజ సంరక్షకుడు తండ్రి, 'అతని తర్వాత' తల్లి. రచయిత్రి గీతా హరిహరన్ కేసులో 1999లో సుప్రీంకోర్టు ఆ 'తర్వాత'కి 'తండ్రి లేనప్పుడు' అని అర్థం చెప్పి, పట్టించుకోని తండ్రినీ లేనివాడిగానే లెక్కించింది. మాట మాత్రం చెరగలేదు.

1890 గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం, తండ్రి 'అనర్హుడు' కానంతవరకూ మరొకర్ని సంరక్షకులుగా నియమించొద్దంది. ఆ వాక్యంలో తల్లికి చోటు దొరికింది 2010లో. అంటే నూట ఇరవై ఏళ్లపాటు తండ్రి అర్హుడే అనుకుని మొదలుపెట్టారు. తల్లి మాత్రం రుజువు చేసుకోవాలి.

మా గణపవరంలో చేపల చెరువుల మీద కూలిచేసి పిల్లల్ని పెంచే ఆడమనిషి నడవడికనే ఆరా తీస్తారు; ఇల్లు పట్టని మగాణ్ని అడిగేవారుండరు. కోర్టులోకీ ఈ చూపే వెంటవస్తే, 'బిడ్డ మేలు' అనే చక్కటి మాట తండ్రి హక్కుకి మారుపేరవుతుంది.