నీళ్ళు ఎప్పుడు ఆపాలో తెలిసిన చెయ్యి

కుండీలో లిల్లీ దుంప పాతిపెడితే మొదటి ఏడు ఎవరికైనా పూస్తుంది. ఆ పువ్వులో మన గొప్పేమీ లేదు. పుస్తకాల్లో హిప్పియాస్ట్రమ్ అనీ, మన పెరళ్ళలో ఎర్రలిల్లీ అనీ పిలిచే ఆ మొక్క, సుమారు నాలుగు ఆకులకొక మొగ్గ చొప్పున దుంప లోపల ముందే సిద్ధం చేసుకుని ఉంటుంది. కొన్న దుంపలో పూసేది పెంచి అమ్మినవాడి కష్టం. అదే దుంప అదే కుండీలో అయిదో ఏడు కూడా పిల్లల్ని చుట్టూ పెట్టుకుని, రెండు కాడలు లేపి, కాడకు నాలుగేసి పూలు పూసిందంటే ఆ ఇంటివాళ్ళకు దణ్ణం పెట్టాలి. అక్కడ మట్టి తెలిసిన మనిషి ఉన్నారు. అంతకంటే ముఖ్యం, నీళ్ళు ఎప్పుడు ఆపాలో తెలిసిన మనిషి ఉన్నారు.

ఈ విద్యలో పేరు తెచ్చుకున్నవాళ్ళను తలచుకుంటే ఒళ్ళు పులకరిస్తుంది. 1799లో ఇంగ్లండులో, లాంకషైర్ ప్రాంతపు ప్రెస్కాట్ అనే ఊళ్ళో, జాన్సన్ అనే గడియారాల పనివాడు రెండు అడవి జాతులను కలిపి మొట్టమొదటి సంకర హిప్పియాస్ట్రమ్‌ను పుట్టించాడు. అది ఆయన పేరుతోనే ఇప్పటికీ తోటల్లో పూస్తోంది. ఆ తరవాత విలియం హెర్బర్ట్ అనే చర్చి పెద్ద ఈ కుటుంబం మొత్తాన్నీ పెంచి, కలిపి, బొమ్మలు గీసి 1837లో ‘అమరిల్లిడేసి’ అనే ఉద్గ్రంథం రాశాడు. ఆయనకు మన దేశం నుంచి సంగతులు రాసి పంపినవాడు బెంగాల్‌లోని శ్రీరాంపూర్ వాసి విలియం కేరీ. 1814లో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన కేరీయే ఈయన. 1820లో కలకత్తాలో అగ్రి హార్టికల్చరల్ సొసైటీని స్థాపించిందీ ఈయనే. ఒక క్రైనమ్ జాతికి హెర్బర్ట్ ఈయన పేరే పెట్టాడు. 1823 వరదలో కేరీ తోట కొట్టుకుపోతే ఆ వృద్ధుడు మళ్ళీ మొదటినుంచీ మొక్కలు నాటాడు.

ఇక కుండీలో దుంపను పెంచడాన్ని ఒక కళగా నిలబెట్టినవాళ్ళు మాత్రం బ్రిటన్‌లోని ఔత్సాహికులే. ఈ విషయంలో నాకు ఏ మొహమాటమూ లేదు, నేను వాళ్ళ పక్షం. లండన్ శివారు ఎన్‌ఫీల్డ్‌లో, మిడిల్టన్ హౌస్‌లో జీవితమంతా గడిపిన ఇ. ఎ. బౌల్స్ ఏ కాలేజీలోనూ వృక్షశాస్త్రం చదవలేదు. అయినా 1924లో ఆయన రాసిన క్రోకస్ పుస్తకం శాస్త్రవేత్తలకు పాఠమైంది. క్రోకస్ గింజ వేస్తే పువ్వు చూడడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. అలాంటివి వరసల కొద్దీ పెంచి, ఒక్కొక్కదాని బొమ్మ రంగుల్లో గీసుకున్న ఓపిక ఆయనది. 1929లో ఆల్పైన్ గార్డెన్ సొసైటీ, 1933లో స్కాటిష్ రాక్ గార్డెన్ క్లబ్ పుట్టాక ఈ పని పోటీలకెక్కింది. ఆల్పైన్ సొసైటీ ప్రదర్శనలో ఉత్తమమైన మొక్కకు ఫారర్ పతకం ఇస్తారు. ఒక్క మట్టికుండీ నిండా మన్ను కనబడనంతగా పూసిన దుంపల ముందు, జీవితమంతా ఈ పనే చేసిన న్యాయనిర్ణేతలు వంగి చూస్తుంటారు. అలాంటి కుండీ వెనక ఎన్నో ఏళ్ళ సాధన ఉంటుంది.

వాళ్ళు చేసిన మహోపకారం ఒకటి చెప్పకుండా ఉండలేను. చిలీ కొండల్లో పూసే టెకోఫిలియా అనే నీలి పువ్వు అడవిలో అంతరించిందని 1950 ప్రాంతంలో అందరూ అనుకున్నారు. 2001లో శాంటియాగో దగ్గర మళ్ళీ కనబడేదాకా ఆ నీలం లోకానికి మిగిలింది తోటల్లోనూ ఈ కుండీలలోనూ మాత్రమే. ఒక జాతి ప్రాణం కుండీలోని మట్టి మీదా, నీళ్ళు పోసే చేతి మీదా ఆధారపడి యాభై శీతాకాలాలకు దగ్గరగా నిలిచింది!

వాళ్ళ పద్ధతి చూడండి. మట్టికుండీలను అంచు దాకా ఇసుకలో పూడుస్తారు. దుంప నిద్రలో ఉన్న ఎండాకాలంలో కుండీలో చుక్క పోయరు, చుట్టూ ఉన్న ఇసుకను తడుపుతారు. ఆ చెమ్మ కుండీ గోడ గుండా నెమ్మదిగా లోపలికి పాకుతుంది. దుంప ఎండిపోదు, కుళ్ళదు. శరత్కాలం రాగానే ఒక్కసారి బాగా తడిపి, వాన పడినట్టు నమ్మిస్తారు. ఆ తడికి వేళ్ళు దిగుతాయి. ఎంత సున్నితమైన ఆలోచన! కాల్చిన మట్టికుండీతో తప్ప ఇది సాధ్యం కాదు. ప్లాస్టిక్ కుండీ గోడ నీటిని పీల్చదు, వదలదు.

ఇక మట్టి. 1930లలో జాన్ ఇన్నిస్ పరిశోధనశాలలో లారెన్స్, న్యూవెల్ అనే ఇద్దరు తేల్చిన మిశ్రమంలో ఏడు పాళ్ళు మంచి మన్ను, మూడు పాళ్ళు పీట్, రెండు పాళ్ళు ఇసుక. దుంపలవాళ్ళు దానికి సమానంగా మళ్ళీ ముతక రాతిపొడి కలిపేవారు. అంటే కుండీలో సగానికి పైగా రాయీ ఇసుకే. మనవాళ్ళకు ఇది వింతగా తోస్తుంది, ఎరువు ఎక్కువైతేనే మొక్కకు బలం అనుకుంటాం కాబట్టి. దుంపకు తిండి దాని పొరల్లోనే ఉంటుంది. దానికి కావలసింది వేళ్ళకు గాలి.

మన దగ్గర ఇందుకు ఎర్రమట్టిని మించింది లేదు. నల్లరేగడి వద్దు, తడిస్తే ఉబ్బి గాలిని మింగేస్తుంది, ఎండితే బీటలు వారి వేళ్ళను తెంపుతుంది. చెరువు మట్టి పొలానికి వరం, కుండీలోని దుంపకు మాత్రం కాదు. నేను నమ్మే పాళ్ళు ఇవి: జల్లెడ పట్టిన ఎర్రమట్టి రెండు పాళ్ళు, ముతక ఇసుక రెండు పాళ్ళు, బాగా మాగిన పశువుల ఎరువో ఆకు ఎరువో ఒక పాలు, పైన ఒక గుప్పెడు వేపపిండి. ఇసుక విషయంలో చాలామంది మోసపోతారు. ప్లాస్టరింగుకు వాడే సన్న ఇసుక మట్టి సందుల్ని పూడ్చేసి కుండీని సిమెంటు చేస్తుంది. గాజుసీసాలో ఇసుక వేసి నీళ్ళు పోసి కుదపండి. కాసేపటికి నీళ్ళు తేటపడకపోతే అందులో ఒండ్రు ఉన్నట్టు, కడిగి వాడాలి. మొత్తం కలిపాక తడిపి గుప్పిట్లో పిసికి వదిలితే ముద్ద విచ్చుకుని రాలిపోవాలి. లడ్డూలా నిలబడితే ఇంకా ఇసుక పడాలి.

కుండీ అడుగున కంకర పరవమని తరతరాలుగా చెబుతూ వచ్చారు. పెద్దల మీద గౌరవం ఉంచుకునే చెబుతున్నాను, అది పనికిరాదు. సన్నటి మట్టిలోంచి నీరు పెద్ద కంకరలోకి తేలిగ్గా దిగదు. మట్టి పూర్తిగా నిండేదాకా కంకర మీదే ఆగిపోతుంది. ప్రతి కుండీకీ అడుగున నీరు నిలిచే పొర ఒకటి ఎలాగూ ఉంటుంది, కంకర వేస్తే ఆ పొర దుంప వైపు పైకి జరుగుతుంది, అంతే. చిల్లు మీద మట్టి జారకుండా ఒక్క పెంకు బోర్లిస్తే చాలు. ఆ కంకరేదో మట్టిలో కలపండి. వెడల్పు పళ్ళెం లాంటి కుండీ కంటే లోతు కుండీ మేలు, తడి పొర దుంపకు అంత దూరంలో ఉంటుంది. ఎర్రలిల్లీ దుంపను మూడో వంతు పైకి కనబడేలా కూర్చోబెట్టాలి. మెడ దాకా పూడిస్తే ఆ మెడలోకే నీరు దిగి కుళ్ళు మొదలవుతుంది. వానలిల్లీ చిన్న దుంపలకైతే రెండంగుళాల మట్టి కప్పొచ్చు.

నీళ్ళ దగ్గరే అసలు పాండిత్యం. రోజూ చెంబుడు నీళ్ళు పోయడం మనకు పూజలా అలవాటు. దుంపల కుండీకి ఆ అలవాటు ప్రాణాంతకం. పోసినప్పుడు అడుగు చిల్లులోంచి కారేదాకా పోయాలి, ఆ తరవాత పై రెండంగుళాలు ఎండేదాకా ముట్టుకోకూడదు. పళ్ళెంలో మిగిలిన నీరు పారబోయాలి. పాత ఇంగ్లిష్ తోటమాలులు కర్రకు దారపు కండె గుచ్చి కుండీని తట్టి చూసేవారు. తడి ఉంటే మొద్దుగా పలుకుతుంది, ఎండితే కంగుమంటుంది. మట్టికుండీ ఇచ్చే ఈ జవాబు ఏ మీటరూ ఇవ్వదు. అది కుదరకపోతే కుండీ ఎత్తి బరువు చూసుకోవడం నేర్చుకోవాలి.

ఒక్కో దుంపకు ఒక్కో పంచాంగం. ఎర్రలిల్లీకి వానాకాలమంతా నీళ్ళూ ఎండా ఇచ్చి ఆకు పెంచాలి, ఆ ఆకే వచ్చే ఏటి పువ్వు. కార్తికం దాటాక తగ్గించి, ఎనిమిది వారాలు దాదాపు ఎండగట్టి, శివరాత్రి ప్రాంతంలో మళ్ళీ మొదలుపెట్టాలి. మే పువ్వుకు చలికాలంలో ఆకు వాలిపోగానే నీళ్ళు కట్టేయాలి. పూర్వం ఆ కుండీలను చూరు కిందకు జరిపి వేసవి జల్లుల దాకా తలచుకునేవాళ్ళు కాదని పెద్దలు చెబుతారు. వానలిల్లీ అయితే రెండు మూడు వారాలు ఎండబెట్టి ఒక్కసారి కుండీ నిండా తడిపితే వారంలోపే మొగ్గలు లేపుతుంది. బోరు నీళ్ళ కంటే వాన నీళ్ళకు మరింత ఉత్సాహంగా లేస్తుంది. తెల్ల వానలిల్లీ మాత్రం వేరు. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని చిత్తడి నేలలు, దాన్ని ఎండగట్టకూడదు. నేలసంపెంగది ఇంకో దారి. పూసిన దుంప మళ్ళీ పూయదు, దాని పిల్లలను విడదీసి పెంచాలి. లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర సంస్థ ఇచ్చిన రజతరేఖ, స్వర్ణరేఖ, బెంగుళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన శృంగార్, ప్రజ్వల్ రకాలు మనవాళ్ళ ప్రతిభకు సాక్ష్యాలు. కుండీలో వాటిని చక్కగా పెంచి చూపేవాళ్ళు ఇంకా చాలామంది రావాలి.

కానీ జరుగుతున్నదేమిటి? సంచుల్లో కొబ్బరిపొట్టు నింపి దానికి అందమైన పేరు పెట్టి అమ్ముతున్నారు. తేలిగ్గా ఉంటుంది, మిద్దెకు బరువు కాదు, నిజమే. ఆకుకూరలకు పనికొస్తుంది. దుంపకు మాత్రం అది తడిగుడ్డ చుట్టిన పడకే. పైన పొడిగా కనిపిస్తుంది, లోపల రోజుల తరబడి నీళ్ళు పట్టుకుని ఉంటుంది. సరిగా కడగని పొట్టులో ఉప్పు కూడా ఉంటుంది. దుంప మెత్తబడి చచ్చిపోయాక ‘నా చెయ్యి మంచిది కాదు’ అని ఎంతమంది తమను తాము నిందించుకుంటున్నారో! చెయ్యి మంచిదే, మట్టే మంచిది కాదు.

అంతకంటే నన్ను కుదిపేసేది మైనం పూసిన దుంపలు. అమెరికాలో, యూరప్‌లో ఉన్న మన పిల్లలకు ఇవి పండగ కానుకలుగా దొరుకుతాయి. ఎర్రలిల్లీ దుంపను రంగు మైనంలో ముంచి, అడుగున వేళ్ళు పుట్టే చోట తరచూ తీగ గుచ్చి నిలబెడతారు. మట్టి అక్కర్లేదు, నీళ్ళు అక్కర్లేదు అని దాని మీద రాసి ఉంటుంది. దుంప తన ఒంట్లోని నిల్వంతా ఖర్చుపెట్టి ఒక్కసారి పూస్తుంది, తరవాత చెత్తబుట్టలోకి పోతుంది. ఇరవై ఏళ్ళు బతికి పిల్లలతో కుండీ నింపగల ప్రాణిని మూడు వారాల అలంకారం చేయడం దుర్మార్గం. అంతర్జాలంలో ‘అరుదైన నీలి లిల్లీ’ అని రంగు మార్చిన బొమ్మ పెట్టి ఏదో ఒక దుంప పంపేవాళ్ళదీ ఇదే జాతి. చలిలో పన్నెండు వారాలకు పైగా నిద్రపోతే తప్ప పూయని ట్యులిప్‌ను మన ఎండల్లో ఏటా పూస్తుందని అంటగట్టేవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు.

కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి లాంటివాళ్ళ పుణ్యమా అని మిద్దెతోట అనే మాట ఇవాళ తెలుగు ఇళ్ళల్లో వినబడుతోంది. వంకాయకూ టమాటాకూ చోటిచ్చిన ఆ మిద్దెల మీద దుంపలకూ ఒక మూల ఇవ్వండి. కుమ్మరి చేసిన మట్టికుండీలు కొనండి, వాటిని చేసేవాళ్ళు తగ్గిపోతున్నారు. ఎర్రమట్టీ ముతక ఇసుకా మీ చేతులతోనే కలపండి. పక్కింటివాళ్ళ కుండీలో పిల్లదుంపలు నిండి ఉంటే అడిగి తెచ్చుకోండి, మీ దగ్గర నిండితే పిలిచి ఇవ్వండి. ఆకు వాలిపోయిన కుండీ చచ్చిపోయిందనుకుని పారబోయకండి, దాని మీద పేరూ నీళ్ళు ఆపిన తేదీ రాసి నీడకు జరపండి.